మాంసం ముక్కే విలనైతే...!

మీరే చెప్పండి. ఒక సస్పెన్స్ కథ. అందులో పదేళ్ళ పిల్ల. ముద్దుగా మాట్లాడుతుంది, మంచు మీద స్కేటింగ్ చేస్తుంది. అమ్మా నాన్నా విడిపోయినా ఇద్దరి మధ్యా ఆ పిల్లే వంతెన. అలాంటి పిల్లని రచయిత ఇంచుమించు ఇంటర్వెల్ దగ్గరే చంపేశాడనుకోండి. ఆ తర్వాత మీరు సీట్లో కూర్చుంటారా? బండి తీసుకుని ఇంటికెళ్ళిపోతారా?

ఈ ప్రశ్న మీద మా వెల్దుర్తిలో 2024 దసరా సెలవుల్లో మొదలైన వాదన ఇంకా పూర్తిగా చల్లారలేదు. చెట్టు కింద మొదలై, మాంసం కొట్టు ముందు ముదిరి, మాచర్ల బస్సులో కొట్లాట దాకా వెళ్ళొచ్చింది. కారణం ఏ స్టార్ హీరో పిక్చరో కాదు సుమా! ఒక పాత ఇంగ్లీషు నవల.

వెల్దుర్తి అనగానే ఏ వెల్దుర్తి అంటారేమో. కర్నూలు జిల్లాలో ఒకటుంది, మెదక్ జిల్లాలో ఇంకొకటుంది. మాది పల్నాడు వెల్దుర్తి. మాచర్ల పక్కది. సినిమావాళ్ళ లెక్కలో మా వైపు మనుషులు పొద్దున లేచి పళ్ళు తోముకోవడానికి ముందే కత్తులు నూరుకుంటారు. 2022లో నితిన్ హీరోగా 'మాచర్ల నియోజకవర్గం' వచ్చినప్పుడు, తెర మీద మా ప్రాంతాన్ని చూసి మావాళ్ళే కాస్త జడుసుకున్నారు. అలాంటి చోట కత్తి ఒక్కటి కూడా లేకుండా, ఒక మాంసం ముక్క జనాన్ని భయపెట్టిందంటే వింతే కదూ!

ఆ నవల పేరు 'టాక్సిన్'. రాసింది రాబిన్ కుక్. 1998లో వచ్చింది. ఈయన స్వయానా కంటి డాక్టరు. ఆస్పత్రిలో జరిగే మోసాలని సస్పెన్స్ కథలుగా రాయడంలో దిట్ట. 1977లో ఈయన రాసిన 'కోమా' నవలని మరుసటి ఏడాదే మైకేల్ క్రైటన్ పిక్చర్ తీశాడు. అవును, తర్వాత 'జురాసిక్ పార్క్' నవల రాసిన క్రైటనే. ఆ క్రైటన్ కూడా డాక్టరీ చదివినవాడే. ఇద్దరు డాక్టర్లు కలిసి ప్రేక్షకుడికి ఆపరేషన్ థియేటరంటే వణుకు పుట్టించారన్నమాట.

'టాక్సిన్' నాకు విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల మధ్య దొరికింది. అట్ట సగం చిరిగి వుంది. చదివేసి మా వూరు తీసుకెళ్ళాను. అదే నేను చేసిన పని. మిగతాదంతా వూరు చేసింది.

మా వూళ్ళో ఇంగ్లీషు నవల చదివేవాళ్ళు ఎంతమందో మీరు ఊహించుకోగలరు. కానీ ఒక సంగతి మరిచిపోకండి. వెనకటి రోజుల్లో మాచర్ల వెళ్ళి మొదటి ఆట చూసొచ్చినవాడు ఆ రాత్రి అరుగు మీద కూర్చుని కథంతా చెప్పేవాడట. ఫైట్లకి నోటితోనే చప్పుళ్ళు, పాటలకి ఈలలు! సినిమా చూడనివాళ్ళు కూడా చూసినట్టే వాదించుకునేవాళ్ళు. ఈ పుస్తకం గతీ అంతే అయింది. నలుగురు చదివారు, నలభైమంది విన్నారు. అభిప్రాయాలు మాత్రం అందరికీ వున్నాయి!

కథ క్లుప్తంగా చెబుతాను. కిమ్ రెగిస్ గుండె ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు. పేరుంది, పొగరు అంతకంటే ఎక్కువే వుంది. కూతురు బెకీని ఒక సాయంత్రం హాంబర్గర్ హోటలుకి తీసుకెళ్తాడు. పిల్ల తిన్న గొడ్డుమాంసం బిళ్ళ లోపల సరిగ్గా ఉడకలేదు. అందులో ఈ.కోలి ఓ157 అనే బాక్టీరియా వుంది. మొదట కడుపునొప్పి, తర్వాత రక్తవిరేచనాలు, ఆ తర్వాత మూత్రపిండాలు దెబ్బతినడం. వందల గుండెల్ని బాగుచేసిన తండ్రి, తన పిల్ల విషయంలో ఏమీ చెయ్యలేక నిలబడిపోతాడు. పిల్ల చనిపోతుంది. ఆ మాంసం ఎక్కణ్ణుంచి వచ్చిందని తండ్రి బయల్దేరతాడు. హోటలు, మాంసం కంపెనీ, కబేళా... ఒక్కో గుమ్మం దాటుతూ వెనక్కి వెళ్తాడు. ప్రభుత్వ తనిఖీ ఉద్యోగిని ఒకామె సాయం చేస్తుంది. ఆవిడనీ మట్టుపెడతారు. చివరికి డాక్టరుగారే వేషం మార్చి కబేళాలో కూలి పనికి చేరతాడు. అక్కణ్ణుంచి మన సినిమాల ధోరణే, ఛేజింగులూ ఫైటింగులూ.

ఇక అభిప్రాయాలు వినండి.

సెల్‌ఫోన్లు బాగుచేసే తమ్ముడొకడున్నాడు. ఏ పిక్చర్ వచ్చినా మొదటిరోజు మొదటి ఆట చూడకపోతే వాడికి ఆ వారం అన్నం సయించదు. వాడి తీర్పు ఏమిటంటే: "అన్నా, ఇంటర్వెల్ దాకా కేక. తర్వాత రొటీన్. డాక్టర్ని కూలోడి వేషం వేయించి ఫైట్ చేయిస్తే ఎట్టా? గుండె ఆపరేషన్ చేసే చెయ్యి, అది విరిగితే?" వాడి బాధ ఫైటు గురించి కాదు, చెయ్యి గురించి. ఆలోచిస్తే నాకూ సబబే అనిపించింది. ఆ డాక్టరు గొప్పతనమంతా ఆ చేతిలోనే వుంది, రచయిత ఆ సంగతి మరిచిపోయి దాన్ని గుద్దులాటకి వాడేశాడు.

నరసరావుపేటలో బి.ఫార్మసీ చదివే చెల్లెలొకత్తె పుస్తకం మొత్తం రెండుసార్లు చదివింది. ఆ అమ్మాయి అభిప్రాయం పూర్తిగా వేరు. "రోగం సంగతి నిజంగానే రాశాడు. ఈ బాక్టీరియా వదిలే విషం మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. చిన్నపిల్లలకే ఎక్కువ ప్రమాదం. కానీ హీరో తోటి డాక్టర్ల మీద అంత అరవడమెందుకు? ఆస్పత్రిలో అందరి మీదా అరిచేవాడు 'ఠాగూర్' పిక్చర్లో అయితే చిరంజీవి కాబట్టి చప్పట్లు కొడతాం. నిజం ఆస్పత్రిలో అయితే పక్కమంచం పేషెంటు హడలిపోతాడు!" అంది. 2003లో వచ్చిన 'ఠాగూర్'లో చనిపోయిన మనిషికి వైద్యం చేస్తున్నట్టు నటించి బిల్లు వేసే ఆస్పత్రి సీను మీకు గుర్తుండే వుంటుంది. మన కుర్రకారుకి మెడికల్ థ్రిల్లర్ అనగానే గుర్తొచ్చేది అదొక్క సీనే. రాబిన్ కుక్ కూడా ఆస్పత్రుల్ని వ్యాపారం చేసిన కంపెనీల మీద ఈ పుస్తకంలో బాగానే విరుచుకుపడ్డాడు. కాకపోతే అందువల్ల అసలు విషయం, అంటే మాంసం, అక్కడక్కడ పక్కకి పోయిందని ఆ అమ్మాయి ఫిర్యాదు.

మాంసం కొట్టు బాబాయ్ కథ విన్నాడు. కత్తి పక్కన పెట్టి మరీ విన్నాడు. అందరూ హీరో గురించీ పిల్ల గురించీ మాట్లాడితే, ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఒక్క బిళ్ళలో ఎన్ని గొడ్ల మాంసం వుంటదబ్బాయ్?"

చాలా గొడ్లది కలుస్తుంది బాబాయ్, పెద్ద పెద్ద యంత్రాల్లో వేసి రుబ్బుతారు గదా అన్నాను.

"మరి యాడ కనుక్కుంటాడా డాక్టరు? నా కాడికి రమ్మను. ఈ పొట్టేలు యాడ కొన్నానో, ఎవురింట్లో పెరిగిందో, యేం మేసిందో చెప్తా."

ఈ మాట నా బుర్రలో చాలా రోజులు తిరిగింది. నవలలో ఆరు గుమ్మాలు దాటినా దొరకని సమాధానం మా బాబాయ్ దగ్గర నోటిమీద వుంది. అలాగని మా కొట్టు పరిశుభ్రతకి ఆదర్శమని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. ఈగలకి అక్కడ ఫ్రీ పాస్ వుంది. కొయ్యకముందు పశువైద్యుడు చూసి ముద్ర వెయ్యడమనేది మా చెట్టు కింద నేనెప్పుడూ చూడలేదు. కానీ ఎవరిని అడగాలో మాకు తెలుసు. అమెరికాలో ముద్రా వుంది, తనిఖీ ఉద్యోగీ వుంది, అడగడానికే మనిషి దొరకడు. ఏది మేలు? ఇదొక పెద్ద వాదన!

ఇంకో సంగతి కూడా బాబాయ్ మాటలోంచే తేలుతుంది. పెద్ద ముక్కకి సూక్ష్మజీవులు పైపైనే అంటుకుని వుంటాయి. మంట తగలగానే చస్తాయి. రుబ్బిన మాంసంలో పైది లోపలికి, లోపలిది పైకి కలిసిపోతుంది. అందుకే బిళ్ళ నడుమ భాగం కూడా 71 డిగ్రీల సెల్సియస్ దాకా కాగాలని అమెరికావాళ్ళ నియమం. బెకీ కథలో ఆ ఒక్క నియమం తప్పింది.

ఇదంతా రాబిన్ కుక్ గాలిలోంచి పుట్టించిన కథ కాదు. ఈ రకం బాక్టీరియా మనుషులకి రోగం తెస్తుందని 1982లో అమెరికాలోనే, హాంబర్గర్లు తిన్నవాళ్ళ ద్వారానే బయటపడింది. 1993లో 'జాక్ ఇన్ ది బాక్స్' అనే హోటళ్ళ గొలుసులో బర్గర్లు తిని ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. మాంసాన్ని వండాల్సినంత వేడిలో వండలేదని తేలింది. 1994లో అమెరికా ప్రభుత్వం రుబ్బిన గొడ్డుమాంసంలో ఈ సూక్ష్మజీవి వుంటే అది కల్తీ సరుకేనని, అమ్మడానికి వీల్లేదని ప్రకటించింది. అంతకుముందు అందరూ చెప్పింది ఒకటే, 'వండుకునేవాడు జాగ్రత్తగా వండుకోవాలి' అని. నలుగురు పిల్లలు పోయాక గానీ అమ్మేవాడి బాధ్యత చట్టంలోకి రాలేదు.

మా వూళ్ళో ఈ అభిప్రాయాలన్నీ ఇలా సరదాగా సాగుతుండగా ఒక అక్క మాత్రం కథకి అడ్డం తిరిగింది. ఆవిడ అంగన్‌వాడీలో పనిచేస్తుంది. పిల్లలకి గుడ్లూ పాలూ ఇచ్చే చెయ్యి. బెకీకి జబ్బు చేసిందని చెబుతున్నంతసేపూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వింది. పిల్ల పోయిందనగానే లేచి నిలబడింది.

"ఇంక చాల్లే తమ్ముడూ. పిల్ల పోయినాక కథేంది? వాడు ఎవుర్ని చంపితే నాకేంది, ఎవుర్ని పట్టుకుంటే నాకేంది?"

సెల్‌ఫోన్ల తమ్ముడు ఊరుకోలేదు. "అసలు కథ ఆడే మొదలవుద్ది అక్కా! రివెంజి వుంది" అన్నాడు. ఆవిడ వాడి వంక చూసిన చూపు వుందే... తర్వాత వారం రోజులు వాడు ఆ వీధిలోకి రాలేదు!

అదీ మొదటి ప్రశ్న పుట్టిన సందర్భం. పిల్ల పోయాక కథ వుంటుందా, వుండదా? వూరు రెండు పార్టీలైంది. మా పల్నాట్లో రెండు పార్టీలు కావడానికి ఎంతసేపు చెప్పండి? రిటైరైన తెలుగు మాస్టారు ఈ గొడవ విని నవ్వి, "కోడి వల్ల రాజ్యాలు పోయిన నేల ఇది. ముక్క వల్ల వీధి చీలితే వింతేముంది?" అన్నారు. బ్రహ్మనాయుడికీ నాగమ్మకీ మధ్య జరిగిన కోడిపందెం సంగతి ఆయన వుద్దేశం. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి, ఇద్దరూ 'పల్నాటి యుద్ధం' పిక్చర్లలో నాగమ్మగా కళ్ళతోనే యుద్ధం చేసేశారు. ఆ కథలోనే ఇంకో మాట వుంది, చాపకూడు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని చెప్పుకుంటాం. కోడి విడదీసింది, కూడు కలిపింది. మా మాస్టారు అక్కడితో ఆగి ముక్కుపొడుం పీల్చారు.

ఇక్కడిదాకా ఇదంతా కాలక్షేపమే. 2025 ఫిబ్రవరిలో కాలక్షేపం కాస్తా భయమైంది.

గోదావరి జిల్లాల్లో కోళ్ళు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు, ఈ వూళ్ళ పేర్లు పేపర్లకెక్కాయి. భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల బర్డ్‌ఫ్లూ అని తేల్చింది. మన రాష్ట్రానికి ఇది కొత్త కాదు. ఏడాది ముందే, 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బల్లో వచ్చింది. జబ్బు కనిపించిన చోటి నుంచి కిలోమీటరు లోపల కోళ్ళని చంపి పూడ్చేస్తారు, పది కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. చికెన్ ధర పడిపోయింది. జనం భయం పోగొట్టడానికి చికెన్ మేళాలు పెట్టారు. గుంటూరు మేళాలో ఉచితంగా వండి పెడితే జనం కిక్కిరిసిపోయారు. భయం ధరకేగానీ నాలుక్కి వుండదని మా తమ్ముడు అప్పుడే కనిపెట్టాడు!

అప్పుడు ఒక కుర్రాడు నా మీదికి వచ్చాడు. కోళ్ళ ఫారంలో పనిచేస్తాడు. ఫారం యజమాని కొత్త పిల్లల్ని వెయ్యనన్నాడు, కుర్రాడికి పనిపోయింది. "అన్నా, నువ్వు చెప్పే కథల వల్లే జనం తినటం మానేస్తన్నారు. ఆ డాక్టరుకి కూతురు పోయింది సరే, మాకు కూడు పోయింది. దాని మీద ఎవురన్నా నవల రాశారా?" అన్నాడు.

ఈ అభిప్రాయం ఏ విమర్శకుడూ రాయలేదు. కానీ కొట్టిపారెయ్యదగ్గది కాదు. 2020లో కరోనా రాకముందే కోడి తింటే కరోనా వస్తుందని ఒక పుకారు పుట్టింది. చికెన్ అమ్మకాలు కూలిపోయాయి. చివరికి ఆ ఫిబ్రవరి నెలాఖర్లో హైదరాబాదులో తెలంగాణ మంత్రులే వేదికెక్కి జనం ముందు చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అప్పుడు కోడికి ఏ పాపమూ తెలియదు. పుకారుకి మొహం లేదు, కానీ ఎన్ని ఇళ్ళల్లో పొయ్యి ఆర్పిందో! భయపెట్టే కథ చెప్పేవాడు ఎంతవరకు భయపెట్టాలో కూడా చెప్పాలి. ఆ కుర్రాడి మాటలోంచి నాకు అర్థమైంది అదే.

ఏప్రిల్ మొదటివారంలో అసలు వార్త వచ్చింది.

నరసరావుపేటలో రెండేళ్ళ పాప. మార్చిలో జబ్బుచేస్తే మంగళగిరి ఎయిమ్స్‌లో చేర్చారు. మార్చి 16న చనిపోయింది. పుణేలోని వైరాలజీ సంస్థ పరీక్షచేసి హెచ్5ఎన్1 బర్డ్‌ఫ్లూ అని నిర్ధారించింది. జబ్బుకి ముందు ఆ పాప పచ్చి చికెన్ ముక్క తిన్నదని, వైరస్ అలా సోకివుండొచ్చని అధికారులు చెప్పారు. వండిన కూర తిన్న పెద్దవాళ్ళకి ఏమీ కాలేదు. రాష్ట్రంలో బర్డ్‌ఫ్లూతో మనిషి చనిపోవడం అదే మొదటిసారి.

మా జిల్లా. మా బస్సు వెళ్ళే వూరు. మా ఫార్మసీ చెల్లెలు చదివే వూరు.

నవలలో పిల్లకి పదేళ్ళు, ఇక్కడ రెండేళ్ళు. అక్కడ బాక్టీరియా, ఇక్కడ వైరస్. అక్కడ గొడ్డుమాంసం, ఇక్కడ కోడి. అన్నీ వేరే. అయినా ఆ రోజు వూళ్ళో ఎవరూ నవల పేరెత్తకుండానే అందరికీ అదే గుర్తొచ్చింది. చెట్టు కింద ఎవరూ వాదించలేదు. సెల్‌ఫోన్ల తమ్ముడు పేపరు చదివి మడిచి పక్కన పెట్టి, కాసేపటికి అడిగాడు: "మరి దీనికి విలనెవరన్నా?"

ఎవరని చెప్పను? కబేళా యజమాని లేడు. లంచం మేసిన ఉద్యోగి లేడు. కల్తీ వ్యాపారి అనగానే మనకి తెర మీద నాగభూషణంగారో, రావు గోపాలరావుగారో నవ్వుతూ కనిపిస్తారు. వాళ్ళని ఆఖరి రీల్లో నాలుగు తగిలిస్తే న్యాయం జరిగిపోతుంది, మనం తృప్తిగా బయటికొస్తాం. ఇక్కడ తగిలించడానికి ఎవరున్నారు? ఇంట్లోవాళ్ళనా? పల్నాట్లో, ఆ మాటకొస్తే తెలుగుదేశం మొత్తంలో, ఆదివారం పూట మాంసం కోసేటప్పుడు పక్కన పిల్లలు చేరని ఇల్లు ఏది? అడిగిన పిల్ల చేతిలో ఏదో ఒకటి పెట్టని చెయ్యి ఏది? ఆ ఇంటి మీద వేలెత్తే హక్కు ఎవరికీ లేదు. వాళ్ళు పడ్డ కడుపుకోతే చాలు.

నాకు రాబిన్ కుక్ మీద కోపం వచ్చింది అప్పుడే. పుస్తకం మళ్ళీ తీసి చదివాను. పిల్ల ఆస్పత్రిలో వున్న అధ్యాయాలు ఈసారి చదవడం కష్టమైంది. అక్కడ రచయిత డాక్టరు, అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత భాగమే నాకు సులువైన దారిగా కనిపించింది. దుర్మార్గుల్ని వరసగా నిలబెట్టాడు. పాఠకుడికి ఒక ఉపకారం చేశాడు, దుఃఖం తీసేసి కోపం చేతికిచ్చాడు. కోపం మోయడం తేలిక కదా!

అలాగని కోపం వట్టి దండగని కూడా అనను. 1906లో అప్టన్ సింక్లెయిర్ అనే ఆయన 'ది జంగిల్' నవల రాశాడు. చికాగో కబేళాల్లో కూలీలు పడే నరకం మీద జనానికి జాలి కలగాలని రాశాడు. జనం కూలీల సంగతి వదిలేసి, ముందు మా పళ్ళెంలో మాంసం సంగతేమిటని గోల పెట్టారు. ఆ ఏడాదే అమెరికాలో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. రచయిత కోరింది ఒకటి, పాఠకుడు తీసుకున్నది ఒకటి. అయినా మేలే జరిగింది. కాబట్టి పాఠకుల అభిప్రాయం అంటే చిన్నచూపు చూడకండి. ఒక్కోసారి అది రచయిత కంటే ముందుకు పోతుంది.

విలన్ లేకుండా ఈ కథ చెప్పిన పిక్చర్ కూడా ఒకటుంది. 2011లో స్టీవెన్ సోడర్‌బర్గ్ తీసిన 'కంటేజియన్'. లోకమంతా చచ్చిపోతున్నా తిట్టడానికి ఒక్క రాక్షసుడూ దొరకడు. ఆఖరి సీన్లో చూపిస్తాడు, అసలు ఎలా మొదలైందో. పంది మాంసం కోస్తున్న వంటమనిషిని ఎవరో పిలుస్తారు. చెయ్యి కడుక్కోకుండా తువ్వాలుకో గుడ్డకో తుడుచుకుని వచ్చి, నవ్వుతూ చెయ్యి కలుపుతాడు. అంతే. పిక్చర్ అయిపోతుంది. కరోనా రోజుల్లో మా కుర్రాళ్ళు సెల్‌ఫోన్లలో ఇది చూశారు. అప్పుడు ఫైట్లు లేవని తిట్టిన తమ్ముడే, ఆ ఏప్రిల్లో మళ్ళీ చూసి, "అన్నా, చెయ్యి తుడుచుకున్నాడు చూశావా... అదే ఫైటు" అన్నాడు. వాడి నోట అంత మంచి విమర్శ నేనెప్పుడూ వినలేదు.

మన పిక్చర్లలో తిండి ఎప్పుడూ సంబరమే. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి వేషంలో ఎస్వీ రంగారావుగారు లడ్డూల్ని గాల్లోకి లేపి నోట్లో వేసుకుంటుంటే మన కడుపు నిండిపోయింది. ఆ పళ్ళెంలో భయం పెట్టడానికి మన దర్శకులకి చెయ్యి రాదు. రాకపోవడం మంచిదే కావచ్చు. మనది ఉడికించే వంట. కోడికూర పొయ్యి మీద కుతకుతలాడితే బర్డ్‌ఫ్లూ వైరస్ అయినా, రాబిన్ కుక్ బాక్టీరియా అయినా బతికి బట్టకట్టవు. 70 డిగ్రీలు దాటి అంతటా ఉడికిన మాంసంలో ఈ వైరస్ వుండదని డాక్టర్లు చెబుతూనే వున్నారు. ఆ లెక్కన మన అమ్మమ్మలు థర్మామీటర్ లేకుండానే శాస్త్రం పాటించారు.

కానీ కుర్రకారు తినేది అమ్మమ్మ వంట ఒక్కటేనా? 2022 మే నెలలో కేరళలో, కాసరగోడ్ జిల్లా చెరువత్తూరులో షవర్మా తిని ఒక విద్యార్థిని చనిపోయింది. 2024 అక్టోబర్లో హైదరాబాదులో మోమోలు తిని ఒకామె చనిపోయాక, తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది. బర్గరూ షవర్మా మాచర్లకీ నరసరావుపేటకీ ఏనాడో వచ్చేశాయి. పిక్చర్ చూసొచ్చి ఆ బండి దగ్గర ఆగేది మీరే, నేనే. తినొద్దని చెప్పడానికి నేనెవర్ని? నడుమ ఎర్రగా వుంటే మాత్రం మొహమాటపడకుండా వెనక్కివ్వండి. బండివాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఇంతకీ వూరి తీర్పు ఏమైందంటారా? ఫార్మసీ చెల్లెలు పుస్తకానికి నూటికి అరవై మార్కులిచ్చింది, ఆ అరవైయ్యీ ఆస్పత్రి అధ్యాయాలకేనని షరతు పెట్టింది. మాంసం కొట్టు బాబాయ్‌కి కథ నచ్చలేదు. కానీ కొట్టులో నీళ్ళ డ్రమ్మూ సబ్బూ కనిపిస్తున్నాయి. పిల్లలు కోడిని తీసుకెళ్ళడానికి వస్తే, "ఇంటికి పొయ్యి అమ్మకే ఇయ్యి, సంచి తియ్యబాక" అని రెండుసార్లు చెప్పి మరీ పంపుతున్నాడు. కోళ్ళ ఫారం కుర్రాడికి వేసవి చివర మళ్ళీ పని దొరికింది. పుస్తకం మీద వాడి అభిప్రాయం మారలేదు, మారాలని నేనూ అడగలేదు.

కథ సగంలో లేచిపోయిన అంగన్‌వాడీ అక్క వుంది చూశారూ, ఆవిడ ఈమధ్య పిల్లలకి ఒక కథ చెబుతోంది. నేను కిటికీ బయట నిలబడి విన్నాను. అందులో అమెరికా లేదు, డాక్టరు లేడు, ఛేజింగ్ లేదు. పాప కూడా చచ్చిపోదు. అమ్మ కూర కోస్తుంటే పాప వచ్చి ముక్క అడుగుతుంది. అమ్మ ఇవ్వదు. పాప ఏడుస్తుంది. అమ్మ పొయ్యి వెలిగిస్తుంది. పాప పీట మీద కూర్చుని, కూర ఉడికిందాకా కళ్ళార్పకుండా గిన్నె వంక చూస్తుంది. చివరికి అమ్మ ఊది ఊది ఒక ముక్క నోట్లో పెడుతుంది.

కథ అయిపోగానే ముందు వరసలో కూర్చున్న బుడ్డోడొకడు అడిగాడు: "ఉప్పు సరిపోయిందా టీచర్?"